కుర్చీ ఎత్తు దారం

రెండో నంబరు బటన్ నొక్కగానే సీటు తనంతట తానే కదిలింది, ముందుకి, ఇంకా ముందుకి, అతని మోకాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కునేదాకా, ఆ తర్వాత పైకి, నెత్తి కప్పుకి తగిలేదాకా. అక్కడితో ఊరుకోక పక్క అద్దాలు రెండూ సన్నగా మూలుగుతూ కిందికి వంగి తడి నేలని చూపించాయి. నవ్వొచ్చి, ఖాళీ బండిలో పైకే అనేశాడు, "ఎవరమ్మా నువ్వు?" అని. పొట్టి మనిషి. స్టీరింగుని పొట్టకి హత్తుకుని నడిపే మనిషి. వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి, ఎదరబండి వాడికి భయపడకుండా నడిపే మనిషి అయ్యుండాలి. ఇప్పుడీ బండి ఆమెదీ కాదు, మొదటి బటన్ ఎవరిదో వాళ్ళదీ కాదు, షోరూము వెనక రేకుల కప్పు కింద వరసగా నిలబెట్టిన వాడిన బండ్లలో ఒకటి, ముందద్దం మీద తెల్లరంగుతో రాసిన అంకె, పైన రేకుల మీద అంత వాన దంచుతున్నా తలుపు వేస్తే ఒక్క చుక్క చప్పుడు లోపలికి రానివ్వని గొప్పింటి బండి. మనుషులు అమ్ముకుని వెళ్ళిపోయారు గానీ, ఆమె కూర్చునే తీరుని సీటు ఇంకా దాచుకునే ఉంది. పోనీలే పాపం అన్నట్టుగా. లేదా చెరిపెయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఈ రెంటికీ తేడా ఎంత అని అతనికి కాసేపు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

సేల్స్‌మన్ కొత్త బండిని ముందు హాల్లోంచి తెస్తానని వెళ్ళాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాడట. "దాని ముందు మావాళ్ళు ఇంకో రెండు అడ్డంగా నిలబెట్టారు సార్, అవి తీసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది, అంతవరకూ ఇందులో కూర్చోండి. ఒకటి మాత్రం చెప్తా సార్, కొత్తది కొత్తదే" అని, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, "అలాగని ఇది వదులుకుంటే మళ్ళీ దొరకదు సార్" అన్నాడు. ఏ వైపు తూగినా తనకి ఇబ్బంది లేని మనిషి మొహంలో ఉండే హాయి అది. ఒకే డబ్బుకి రెండు దారులు: కొత్తదైతే హంగులేవీ లేని బండి, వాడినదైతే అన్ని హంగులూ ఉన్న బండి. పెద్ద కంపెనీ గుర్తు రెండింటి మూతి మీదా ఒకటే. ఇది బాగుందా, అది బాగుందా. జీవితమంతా అతను చేసిన పనే ఇది, చీకటి గదిలో ఎదటి మనిషి కళ్ళ ముందు ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, ఇది బాగుందా, అది బాగుందా, ఇప్పుడు చూడండి, ఇదా, అదా. వీధి మలుపులో చిన్న కళ్ళద్దాల షాపు, ఊళ్ళోవాళ్ళకి అతను అద్దాలాయన, అసలు పేరుతో పనిపడేది బ్యాంకువాళ్ళకే. పరీక్ష మొదట్లో అందరూ టకటకా చెప్పేస్తారు. చివరికి వచ్చేసరికి రెండద్దాలకీ తేడా తరిగిపోయి, పరీక్ష తప్పుతామేమోనన్నట్టు బిగుసుకుపోతారు, ఇంకోసారి చూపించండి సార్, ఇంకోసారి. అప్పుడతను చెయ్యి దించి, "ఇందులో తప్పు జవాబంటూ లేదండీ, కంటికి ఏది హాయిగా ఉంటే అది చెప్పండి" అంటాడు. ఆ మాటకి భుజాలు దిగడం చీకట్లో కూడా తెలుస్తుంది. ఇవాళ ఆ మాట అతనికి చెప్పేవాళ్ళు లేరు. బల్ల దగ్గర కూర్చుని ఫ్రేములు అమ్మే భార్య ఉన్నప్పుడు చెప్పేది, ఇంకా ఎక్కువే చెప్పేది. "ఈ ఫ్రేములో మీరు అప్పు వసూలుకొచ్చినవాళ్ళలా ఉన్నారు, తీసెయ్యండి" అని మొహమ్మీదే అనేది, మనుషులు నవ్వుకుంటూ తీసేసేవాళ్ళు.

ఆమె అయితే ఈ బండిని ఏమనేదో. ముందు తలుపు వేసి చప్పుడు వినేది. ఏ తలుపునైనా అలాగే, అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినా, ఫ్రిజ్ కొనడానికి వెళ్ళినా, వేసి, తీసి, వేసి, తల పక్కకి వంచి. తల్లి దగ్గర నేర్చుకున్న విద్యేమో. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవికి ఫోను తగిలించుకుని, తీగలు గుచ్చి తీసి, ఊరు ఊరందరినీ మాట్లాడించిన మనిషి. చప్పుడుని బట్టి మనిషి మూడ్ చెప్పేస్తుంది. ఇప్పుడక్కడ, వాన అవతల, గాజు గదిలో మెత్తటి సోఫాలో ముందంచున కూర్చుని ఉంది, వెనక్కి వాలితే లేవలేదు కాబట్టి. మిషను కాఫీ చేతిలో పట్టుకుని, గది మధ్యలో గుండ్రంగా తిరిగే వేదిక మీది ఎర్ర బండిని చూస్తోంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే చెప్పేసింది, "నువ్వు కొనుక్కునే బండికి నా అభిప్రాయమేమిటి బాబూ, ఆదివారం వెళ్ళిపోయేదాన్ని. ఊరికే నీతో ఒకసారి బయటికొచ్చినట్టుంటుందని వస్తున్నా." కూతురు పోయిన ఏడాదే ఎప్పుడో మాటల మధ్యలో మీరు అనడం మానేసి నువ్వు అనడం మొదలుపెట్టింది. ఎందుకని అతను అడగలేదు. అడిగితే మళ్ళీ మీరు అంటుందేమోనని.

ఆదివారం. బావమరిది వస్తాడు, పెట్టె సర్దుతాడు, తల్లిని తీసుకుపోతాడు. మంచివాడే, తప్పేం లేదు అతనిది, లిఫ్టున్న ఇల్లు, ఇంటి కిందే డాక్టరు. ఫోన్లో గొంతు తగ్గించి అంటాడు, "బావా, అక్క ఉన్నన్నాళ్ళూ వేరు. ఇప్పుడు కూడా అమ్మ నీ దగ్గరే ఉంటే నలుగురూ ఏమనుకుంటారు చెప్పు?" "ఆ నలుగురిలో ఇద్దరం మేమేరా, మేమేమీ అనుకోవట్లేదు" అన్నాడు అతను. వాడు నవ్వాడు గానీ టికెట్టు మాత్రం తీశాడు. అయినా రమ్మని పిలిచింది వాడు కాదు, వస్తానంది ఆవిడే. ఆ రోజు తర్వాత. మొన్నామధ్య ఆవిడ మోకాళ్ళు చూపించడానికని తీసుకెళ్ళి, ఆసుపత్రి వాకిట్లో బండి ఆపి వెనక తలుపు తీస్తే, అత్తయ్య ఒక కాలు బయటపెట్టింది, రెండోది రాలేదు. వెనకొచ్చిన బండ్లు హారన్లు. అతను చంకల కింద చేతులు వేసి లాగాడు, ఎవరో వచ్చి కాలు తిప్పబోయారు, చక్రాల కుర్చీ వచ్చింది. ఆవిడ నవ్వుతూనే ఉంది, "సీసాలో బిరడాలా ఉన్నా కదూ" అని. ఆ నవ్వుని నమ్మాడు. కానీ మర్నాటి నుంచి బండెక్కడం మానేసింది. చెరువుగట్టు మీద బల్ల దగ్గరికి సాయంత్రం షికారు మానేసింది, లైబ్రరీ మానేసింది, తోటి ఆపరేటర్లు నెలకోసారి కలుసుకుని పాత బాసుని తిట్టుకునే టీ పార్టీ మానేసింది. రమ్మంటే ససేమిరా. కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయి ఒకరోజు, "నీకు నేనెందుకు బాబూ బరువు" అంది, ఏ రంగూ లేని మామూలు గొంతుతో, లైను కలిపేటప్పుడు వాడే గొంతుతో.  బరువు అన్న మాట ఎంత తప్పో చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఉండగానే ఆవిడ కొడుక్కి ఫోను చేసేసింది. పొద్దున్నే వంటింట్లో ఇంకో మనిషి దగ్గు వినపడటం, వార్తలు చదివేవాళ్ళ గొంతు మీద ఆవిడ పెట్టే వంకలు, షాపు మూసి వచ్చేసరికి దీపం వెలిగి ఉన్న ఇల్లు, వీటిని ఏమంటారు? బరువు అనైతే అనరు.

అందుకే దారం. జేబులోంచి తీసి చూపుడువేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. అత్తయ్య ఇంట్లో ఒకే ఒక్క కుర్చీలోంచి ఎవరి చెయ్యీ అందుకోకుండా లేస్తుంది, భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు దొంగలా దాని ఎత్తుకి దారం తెంపి జేబులో వేసుకున్నాడు. అప్పట్నుంచి ఎక్కడ బండి కనపడితే అక్కడ వెనక తలుపు తీయించి నేల మీంచి సీటుదాకా దారం పట్టి చూడటమే. ఇంట్లో ఉన్న పాత కారు సీటు దారానికి సగం కాస్త దాటుతుంది, అదీ సంగతి, అందుకే లేవలేకపోయింది. పెద్ద రకం బండి దగ్గరికి వెళితే దారం మెట్టు దాటి సీటుకి అందనే లేదు, దానికి నిచ్చెన కావాలి. మధ్యరకం ఎత్తు బండ్లు, ఇదిగో ఇవి, అచ్చు కుర్చీ ఎత్తు. "టేపు ఇమ్మంటారా సార్?" అన్నాడు సేల్స్‌మన్, గిట్టుబాటు కాని బేరమేమోనని అనుమానంగా. "వద్దండీ, ఇది మనిషి కొలత" అన్నాడు అతను. ఇవాళ వచ్చిన టాక్సీ కూడా ఇలాంటిదే, కాస్త ఎత్తుగా, డబ్బాలాగా. వెనక సగం డ్రైవరు సామాన్లే ఉంటే అత్తయ్య డ్రైవరు పక్కనే ఎక్కింది, ఒక్క ఊపున, చిన్నపిల్లలా, దారి పొడవునా ఆ డ్రైవరు ఇద్దరు భార్యల గొడవ విని తీర్పు కూడా చెప్పింది. చూశావా ఎత్తు మహిమ అనుకున్నాడు అతను వెనక సామాన్ల మధ్య నలుగుతూ. చీటికి మాటికి నవ్విన ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో.

కొత్త బండి సీటూ దారానికి సరిపోయింది. ఇందాక హాల్లో దాన్లో కూర్చున్నాడు. సీట్లకి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు, కదిలినప్పుడల్లా బిస్కట్ ప్యాకెట్ విప్పినట్టు చప్పుడు. కొత్త గుడ్డ, కొత్త జిగురు, కొత్త రబ్బరు, అన్నీ కలిసి ఇంకా ఎవరూ కాపురం పెట్టని ఇంటి వాసన. అద్దాల్లోంచి చూస్తే లోకం కడిగి ఆరేసినట్టు. దానికేమీ తెలియదు. దారిలో ఆగిపోదు, అత్తయ్యని వానలో నిలబెట్టదు, అది చాలా పెద్ద మాట, నిజంగానే పెద్ద మాట. ఇది ఆగిపోతే? పాతదానికి పాత మోకాళ్ళుంటాయి. సర్వీసు అంతా మా దగ్గరే జరిగింది సార్ అంటాడు, జరిగే ఉంటుంది. కానీ దీని కడుపులో ఏముందో. కడుపులో ఏముందో తెలుసుకోవాలన్న ఆశే అతన్ని ఇక్కడ కూర్చోబెట్టింది, ఒప్పుకోవాలి. సన్‌వైజర్ దించాడు, దాని చిన్న అద్దం మీద వేలిముద్ర, గులాబీరంగు. వెనక కిటికీ మీద గోటితో గీకినా పూర్తిగా పోని స్టిక్కరు, చేప కావచ్చు, పడవ కావచ్చు. డిక్కీ అంచు మీద సన్నటి గీతలు, గోళ్ళున్న జంతువు, ముసలి కుక్క, పైకి దూకలేక కాళ్ళు వేసి ఎవరో ఎత్తేదాకా నిలబడ్డ కుక్క. తెర నొక్కితే పాత ఫోన్ల పేర్లు ఇంకా ఉన్నాయి. చిన్నోడు అని ఒకటి. బండి ఇప్పటికీ చిన్నోడి ఫోను కోసం వెతుకుతోంది, దొరకలేదు అని చెబుతోంది, మళ్ళీ వెతుకుతోంది. ఒకటో బటన్ నొక్కాడు. సీటు అబ్బా అన్నట్టు వెనక్కి వెళ్ళింది, వెళుతూనే ఉంది, పడుకుంది. భారీ మనిషి, నడపడానికి కాదు, టీవీ చూడ్డానికి కూర్చున్నట్టు. ఈ పడక మనిషీ ఆ నిటారు మనిషీ ఒకే బండిలో. సీటు కోసం గొడవపడక్కర్లేదు వీళ్ళు, ఒక బటన్, అంతే, ఎవరి ఆకారం వాళ్ళకి. ఆ సుఖం తమకి లేదు. భార్య నడిపి దిగితే అతను ఎక్కబోయి మోకాలు కొట్టుకునేవాడు, అతను నడిపి దిగితే ఆమెకి పెడళ్ళు అందేవి కావు, "మిమ్మల్ని చిన్నప్పుడు మీ అమ్మ చాకిరేవులో పిండి ఆరేసిందా ఇంత సాగారు" అనేది, మీట కోసం సీటు కింద తడుముకుంటూ.

చివరి ఏడాది ఆమె నడపలేదు. పక్క సీట్లో పడుకునేది. ఆసుపత్రికి వెళుతూ, వస్తూ, "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం, ఆ, అక్కడ" అనేది, ఆ అక్కడ దగ్గర మొహంలో ముడి విడిపోయేది. ఆ వాలు దొరకడానికి ఎన్ని రోజులు పట్టిందని. దొరికాక అతను దాన్ని కదపలేదు. ఆమె పోయాక కూడా. ఎవరూ కదపలేదు. పాత కారులో ముందు సీటు ఇప్పటికీ అలాగే వాలి ఉంది, దాని మీద ఎవరూ సంచీ కూడా పెట్టరు.

అతను బయటికి దిగాడు. డ్రైవరు సీటు నిటారుగా లేపి, తన కాళ్ళకి సరిపోయేలా జరిపి, వెనక తలుపు తీసి అత్తయ్యలా ఎక్కి కూర్చుని చూద్దామనుకున్నాడు, దారం చెప్పింది నిజమో కాదో. ఎక్కడం సులువే. కూర్చున్నాడు. మోకాళ్ళు ముందు సీటు వీపుకి ఆనాయి. అతని సీటే, అతని పొడుగు కాళ్ళ కోసం వెనక్కి వచ్చిన సీటే. దిగబోయాడు. ఒక కాలు బయటపెట్టాడు. రెండోది రాలేదు. పాదం సీటుకీ తలుపు స్తంభానికీ మధ్య ఇరుక్కుంది, మడమ తిప్పి, మోకాలు వంచి, వంచడానికి చోటు లేక, చేత్తో సీటు వీపు పట్టుకుని, అయ్యో. సీసాలో బిరడా. అలాగే ఉండిపోయాడు, ఒక కాలు వానగాలిలో, ఒక కాలు లోపల. దారం సరిగ్గానే ఉంది, సీటు అచ్చు కుర్చీ ఎత్తే. ఎత్తు ఒక్కటే కాదు. కుర్చీ ముందు చోటుంటుంది, అది దారానికి తెలియదు. అయితే పాత కారులో ఆవిడ ఎప్పుడూ తన వెనకే ఎందుకు కూర్చునేది? ఇంకో పక్క కూర్చోవచ్చుగా? ఇంకో పక్క వాలిన సీటు ఒళ్ళోకి వస్తుంది. ముందు కూర్చోవచ్చుగా? ముందు. టాక్సీలో ముందెక్కింది. ఒక్క ఊపున. మూడేళ్ళ పైనే అయింది, ఒక ఖాళీ సీటు కోసం ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు ఇరుక్కుని ప్రయాణం చేశారు, ఒక్కరోజు కూడా, ఒక్కరంటే ఒక్కరు కూడా, ముందుకి రండి అనలేదు, రానా అనలేదు. కొలత తీశాను, ఊళ్ళో ఉన్న బండ్లన్నిటికీ కొలత తీశాను, అడగలేదు. కళ్ళు పరీక్ష చేసేవాడు మనిషిని అడగకుండా అద్దం రాసిచ్చినట్టు.

"ఏమిటా కసరత్తు?" అంది అత్తయ్య.

గొడుగు కింద నిలబడి ఉంది, సేల్స్‌మన్ మోచెయ్యి పట్టుకుని. వాళ్ళ వెనక కొత్త బండి నీళ్ళు కారుతూ ఇంజను తిరుగుతూ ఉంది.

"ఇరుక్కుపోయా అత్తయ్యా" అన్నాడు.

"కాలు లోపలికి లాక్కుని, పక్కకి తిరిగి, రెండూ కలిపి పెట్టు బయట. నేర్చుకునేసరికి నాకు ఏడాది పట్టింది, అయినా ఆ రోజు కుదర్లేదులే." ఆవిడ నవ్వుతోంది గానీ అతని మొహం చూసి ఆపేసింది. అతను బయటికొచ్చాడు, మోకాలు రుద్దుకున్నాడు. అడగాల్సిన మాట నోట్లో ఉంది, చిన్న మాట, ఇన్నేళ్ళుగా అంత చిన్న మాటే.

"ముందు కూర్చుంటారా?"

ఆవిడ వాన చప్పుడు వింటున్నట్టు తల పక్కకి వంచింది.

"దాని సీటు కదపడం నీకిష్టం లేదనుకున్నా" అంది.

"మీకు కష్టమనిపిస్తుందని నేను..."

"నాకా?" అంది ఆవిడ. "దాన్ని ఎత్తుకుని బస్సుల్లో తిరిగినదాన్ని, అది కూర్చున్న చోట కూర్చోవడానికి నాకేం కష్టం? నువ్వే ఆ సీటు వంక చూసి చూడనట్టు చూసేవాడివి. సర్లే, ఊరందరినీ మాట్లాడించే టెలిఫోన్ ఉద్యోగం చేసి, ఇంట్లో మనిద్దరం మాట్లాడుకోకుండా ఉండిపోయాం." సేల్స్‌మన్‌కి ఏమీ అర్థం కాక గొడుగు ఇటు పట్టాడు, అటు పట్టాడు.

"అయితే అత్తయ్యా," అన్నాడు అతను ఉన్నట్టుండి, తనకే ఆశ్చర్యంగా, "ఆ సీటొక్కటి లేపితే సరిపోయేదేమో. అసలు ఈ బండే అక్కర్లేదేమో!"

"సార్!" అన్నాడు సేల్స్‌మన్.

"అక్కర్లేదని ఎవరన్నారు?" అంటూ అత్తయ్య ఆ వాడిన బండికే అవతలి పక్కకి వెళ్ళి ముందు తలుపు తీసింది. తీసి, వేసింది. మళ్ళీ తీసి, వేసి, తల వంచి విన్నది.  తర్వాత ఒక చెయ్యి తలుపు మీద వేసి, వెనక్కి తిరిగి, కూర్చుని, రెండు కాళ్ళూ కలిపి లోపలికి తెచ్చుకుంది, ఎవరి చెయ్యీ అందుకోకుండా. తలుపు మీద ఉన్న మీటలు చూసింది. మొహం మారిపోయింది. ఎక్స్ఛేంజిలో బల్ల ముందు కూర్చున్నప్పటి మొహం ఇదే కాబోలు. ఒకటి నొక్కితే సీటు ముందుకి, ఇంకోటి నొక్కితే పైకి, "ఓహో" అంది, ఇంకోటి నొక్కితే వీపు మెల్లగా వెనక్కి వాలింది, వాలుతూ వాలుతూ అక్కడికి వచ్చింది, అచ్చు ఆ వాలుకి, అతని చేతులకి తెలిసిన వాలు. అక్కడ ఆవిడ వేలు ఆగింది. కప్పుకేసి చూస్తూ పడుకుంది కాసేపు. "ఇలా ఉండేదా దానికి" అంది మెల్లగా. "ఊఁ" అన్నాడు అతను. "హాయిగానే ఉంది" అంది, అతనికి చెప్పిందో, ఇంకెవరికైనా చెప్పిందో. తర్వాత మీట ఇటు నొక్కింది. సీటు లేచింది, తీరిగ్గా, నిటారుగా.

"దీన్ని ఇలాగే గుర్తుపెట్టుకోమనడానికి ఏం నొక్కాలయ్యా?" అంది సేల్స్‌మన్‌తో.

"ఇదమ్మా, ఇది నొక్కి, ఒకటో రెండో నొక్కాలి. కానీ ఇంకా కొత్తది చూడలేదు కదమ్మా..."

"కొత్తదానికున్నాయా ఈ మీటలు?"

"లేవమ్మా. దానికి చేత్తో లాగాలి."

"అయితే అది నీ వయసువాళ్ళకి" అంది, నొక్కింది. ఎక్కడో సన్నగా, లైను కలిసినట్టు, ఒక చప్పుడైంది. అతను అటు తిరిగి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఈ పక్క రెండో బటన్ జోలికి పోకూడదనుకున్నాడు, ఆ పొట్టి మనిషిని అలా ఉండనిద్దాం, చోటుంది కదా. ఆగిపోతే ఆగిపోతుంది, దారిలో ఆగిన బండిలో కూడా మాట్లాడుకోవచ్చు. సంచీలో అత్తయ్య ఫోను మోగింది.

"ఆఁ, చెప్పరా. ఆదివారం రా, రావద్దని ఎవరన్నారు? పెట్టె సర్దడమేమిటి, ఎవరి పెట్టె? స్టేషనుకి మేమే వస్తాం. నడిపేది బావే, నేను కాదులే, ఇంకా అంత దూరం రాలేదు." అతనికేసి ఒకసారి చూసింది. "కానీ ముందే చెప్తున్నా, నువ్వు వెనక కూర్చోవాలి."

అతను చెయ్యి కిందికి పోనిచ్చి, మీట వెతికి, తన సీటుని కొంచెం ముందుకి జరుపుకున్నాడు.